బీమా సఖిలో చేరాలనుకుంటున్నారా? రెండో ఏడాదిలో ఉన్న ఒక ఏజెంటు రివ్యూ

నేను బీమా సఖినని తెలిస్తే మా పొదుపు సంఘాల ఆడవాళ్లు ముందు అడిగేది ఒక్కటే: "నెలకు ఏడువేలు నిజంగ ఇస్తరా అక్కా?" షరతులు నెరవేరితే ఇస్తారు. కానీ ఆ డబ్బు కోసమే చేరదామనుకుంటే కొంచెం ఆగి ఇది మొత్తం చదవండి. ఆడవాళ్లను బీమా ఏజెంట్లుగా తయారుచేసే ఎల్‌ఐసీ బీమా సఖి పథకంలో నేను రెండో ఏడాదిలో ఉన్నాను. జనగామ చుట్టుపక్కల ఊళ్లలో తిరుగుతాను. అంతకుముందు ఇంట్లో కుట్టు మిషన్ మీద జాకెట్లు కుట్టేదాన్ని, సంఘం లెక్కలు రాసేదాన్ని. పథకం మంచిదే. నేను చేరమనే చెప్తాను. అయితే దీనిలో ఆడవాళ్లకు దక్కే అసలు లాభం పోస్టర్ మీద రాసి ఉన్నది కాదు. అదేమిటో వివరంగా చెప్పాలనే ఈ రివ్యూ.

ముందు షరతులు చూద్దాం, ఎందుకంటే చాలామంది వీటిని సగం విని చేరుతున్నారు. 2024 డిసెంబర్ 9న హర్యానాలోని పానిపట్‌లో ప్రధాని ఈ పథకాన్ని ప్రారంభించారు. 18 నుంచి 70 ఏళ్ల లోపు ఉండి, పదో తరగతి పాసైన ఏ మహిళైనా దరఖాస్తు చేసుకోవచ్చు. మూడేళ్ల పాటు స్టైపెండ్ ఉంటుంది. మొదటి ఏడాది నెలకు 7,000, రెండో ఏడాది 6,000, మూడో ఏడాది 5,000 రూపాయలు. మూడేళ్లూ పూర్తిగా అందితే మొత్తం 2,16,000 అవుతుంది. పాలసీల మీద వచ్చే కమీషన్ దీనికి అదనం. ఇది ఉద్యోగం కాదు. జీతం కాదు, పీఎఫ్ ఉండదు. ఏజెంటుగా నిలదొక్కుకునే దాకా ఇచ్చే ఆసరా, నారుమడికి పెట్టే తడి లాంటిది. నాటు వేశాక పొలం మీదే.

బదులుగా మీరు చూపించాల్సింది ఏడాదికి 24 మందికి పాలసీలు, 48,000 రూపాయల మొదటి ఏడాది కమీషన్. ఈ 48,000లో బోనస్ కమీషన్ కలపరు. భాగిస్తే ఒక్కో పాలసీ మీద సగటున 2,000 కమీషన్ రావాలన్నమాట. అంటే అన్నీ చిన్నచిన్న పాలసీలు చేసి 24 నింపేస్తే సరిపోదు, నాలుగు పెద్దవి చేసి ఊరుకున్నా సరిపోదు. చేరేవాళ్లు ఈ రెండు అంకెలనూ కలిపి చూడాలి.

అన్నింటికన్నా ముఖ్యమైన షరతు మూడోది. రెండో ఏడాది స్టైపెండ్ రావాలంటే మొదటి ఏడాది చేసిన పాలసీల్లో కనీసం 65 శాతం నడుస్తూ ఉండాలి. మూడో ఏడాదికీ ఇలాంటి లెక్కే. 24 పాలసీలు చేసినవాళ్లకు 65 శాతమంటే 16. మీరు చేసినవాటిలో 8 ఆగిపోయినా పర్వాలేదు, 9 ఆగితే స్టైపెండ్ ఆగుతుంది. అక్క కోసం, వదిన కోసం, మొహమాటం కోసం తీసుకున్న పాలసీలే రెండో కిస్తీకి ఆగిపోతాయి. అందుకే మొదటి నెలల్లో చుట్టాలందరినీ చుట్టేసి "నాకు టార్గెట్ ఉంది, ఒక్కటి తీసుకో" అని అడిగే పద్ధతి ఈ పథకానికి అస్సలు పనికిరాదు. నాకు ఈ షరతు కఠినంగానే కనిపిస్తుంది, కానీ న్యాయమైన షరతు. అవసరం లేనివాళ్లకు అంటగట్టకుండా ఏజెంటును కట్టడి చేస్తుంది. ఆగిపోయే పాలసీతో నష్టం స్టైపెండ్ పోయే ఏజెంటు కన్నా, కట్టిన కిస్తీ పోయే పేదింటికే ఎక్కువ.

చేరడానికి వీల్లేనివాళ్లూ ఉన్నారు. ఇప్పటికే ఎల్‌ఐసీ ఏజెంటుగా ఉన్నవాళ్లు, ఎల్‌ఐసీ నుంచి రిటైరైనవాళ్లు, ఎల్‌ఐసీలో ఇంతకుముందు ఏజెంటుగా చేసి మానేసినవాళ్లు, అలాగే ఎల్‌ఐసీ ఏజెంట్ల, ఉద్యోగుల దగ్గరి బంధువులు, అంటే భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తోబుట్టువులు, అత్తింటి దగ్గరివాళ్లు. ఈ నిబంధన నాకు బాగా నచ్చింది. మా దగ్గర ఎన్నో పథకాలు ఆడవాళ్ల పేరిట వచ్చి మగవాళ్ల చేతుల్లో నడుస్తాయి. మహిళా సర్పంచుల భర్తలనే చూడండి. భర్త ఇప్పటికే ఏజెంటయి ఉండి భార్య పేరు మీద ఏజెంటు కోడ్ తీసుకుంటే స్టైపెండ్ ఆమె పేరిట, పని ఆయన పేరిట అయ్యేది. ఆ దారి మూసేశారు. కోడ్ మీ పేరు మీద ఉంటే పని కూడా మీరే చేయాలి.

శిక్షణ, పరీక్ష సంగతి. జీవిత బీమా ఏజెంటు కావాలంటే 25 గంటల శిక్షణ, తర్వాత ఐసీ-38 పరీక్ష. 50 ప్రశ్నలు, గంట సమయం, 35 శాతం వస్తే పాస్. కంప్యూటర్ మీద రాయాలి, తెలుగులో రాసే వీలుంది. పదో తరగతి తర్వాత పుస్తకం ముట్టనివాళ్లు ఈ పరీక్ష పేరు చెప్పగానే వెనక్కి తగ్గుతున్నారు. భయపడాల్సింది ఏమీ లేదు. కానీ పాస్ మార్కుల కోసం గుర్తులు పెట్టిన ప్రశ్నలు మాత్రమే బట్టీ పట్టి వెళ్లకండి. పుస్తకం మొత్తం చదవండి. నేను కుట్టుపని ముందు పెట్టుకుని, పక్కన పుస్తకం తెరిచి, మిషన్ ఆపినప్పుడల్లా ఒక పేజీ చదివేదాన్ని. అలా చదివిన రెండు సెక్షన్లు ఇవాళ్టికీ నాకు తిండి పెడుతున్నాయి.

ఒకటి, బీమా చట్టం 1938లోని 41వ సెక్షన్. ఏజెంటు తన కమీషన్‌లోంచి కస్టమరుకు తిరిగి ఇవ్వకూడదు. ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. 10 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటుంది. ఊళ్లో కొంచెం డబ్బున్న ఇంటికి వెళితే ఎదురయ్యే మొదటి మాట, "మొదటి కిస్తీ నువ్వే కట్టుకో, పాలసీ నీకే చేస్త." మగ ఏజెంట్లను అడిగేదానికన్నా మమ్మల్ని ఇంకొంచెం గట్టిగా అడుగుతారు, ఆడమనిషి కాదనలేదని. నేను ప్రపోజల్ ఫారంలోనే (పాలసీ కోసం నింపే దరఖాస్తు) 41వ సెక్షన్ అచ్చేసి ఉన్న చోటు చూపించి, "సార్, ఇది చదవండి, మీకూ నాకూ ఇద్దరికీ జరిమానా" అని చెప్తాను. గొంతు పెంచను, బతిమాలను. చట్టం నోట్లో ఉంటే గొంతు పెంచే అవసరం రాదు. కొందరు వేరే ఏజెంటు దగ్గరికి పోతారు. పోనివ్వండి. కమీషన్ మొత్తం వదులుకుని చేసిన పాలసీతో ఇంటికి ఏం తీసుకెళ్తాం?

రెండోది 45వ సెక్షన్. పాలసీ మొదలైన మూడేళ్లు దాటాక ఏ కారణం చూపించీ సంస్థ దాన్ని ప్రశ్నించడానికి వీల్లేదు. ఆ మూడేళ్ల లోపల మాత్రం, ఆరోగ్యం సంగతి దాచిపెట్టారని తేలితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు. ఈ రివ్యూలో నేను అన్నిటికన్నా ఎక్కువ చెప్పాలనుకున్నది ఈ సెక్షన్ దగ్గరే ఉంది.

ప్రపోజల్ ఫారంలో ఆడవాళ్లకు ప్రత్యేకంగా కొన్ని ప్రశ్నలుంటాయి. ఇప్పుడు గర్భంతో ఉన్నారా, ఆఖరి కాన్పు ఎప్పుడు, గర్భస్రావం అయిందా, సిజేరియన్ అయిందా, గర్భసంచికి, రొమ్ములకు సంబంధించిన జబ్బులున్నాయా. ఇన్నాళ్లూ మా ఊళ్లలో ఈ ఫారాలు ఎలా నిండేవో చెప్తాను. ఏజెంటు అన్న అరుగు మీద కూర్చుంటాడు. ఆ ఇంటాయన పక్కన కూర్చుని జవాబులు చెప్తాడు. ఆమె తలుపు చాటున నిలబడి ఉంటుంది. ప్రశ్న అడిగేవాడికీ సిగ్గే, చెప్పేవాడికి పూర్తిగా తెలియదు, తెలిసినామె నోరు విప్పదు. అన్నిటికీ "లేదు, లేదు, లేదు" అని టిక్కులు పడిపోతాయి. చివర్న ఆమె సంతకం.

ఇది చిన్న విషయం కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూస్తే గర్భసంచి తీసేసే ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందు వరుసలో ఉన్నాయి. మా ఊళ్లలో 35 ఏళ్లకే ఈ ఆపరేషన్ అయినవాళ్లు ఎంతోమంది. తెల్లబట్ట అవుతుందని పోతే, కడుపునొప్పని పోతే, గర్భసంచి తీసేశారు. ఆ కాగితాలు ఏ సంచిలో ఉన్నాయో వాళ్లకే తెలియదు. అలాంటి మనిషి ఫారంలో "ఏ ఆపరేషనూ కాలేదు" అని రాసి ఉండి, రెండేళ్లలో ఆమెకు ఏమైనా అయితే, ఆ ఒక్క టిక్కు ఆమె పిల్లలకు రావాల్సిన డబ్బుకు అడ్డం పడొచ్చు.

నేను ఫారం నింపేటప్పుడు ముందు ఇంటాయనతో మాట్లాడతాను, కిస్తీ ఎంత, ఎన్నేళ్లు అని. తర్వాత "అన్నా, ఇగ వదినెతో మాట్లాడేదుంది, మేమిద్దరం లోపల కూసుంటం" అని లేస్తాను. వంటింట్లో కూర్చుని ఒక్కో ప్రశ్నా చదువుతాను. మొదట్లో తలూపుతారు. రెండు మూడు ప్రశ్నలయ్యాక మెల్లగా బయటికొస్తుంది. ఒకామె, "నాకు పెద్దాపరేషనైందక్కా, గది గూడ రాయాల్నా? రాస్తె పాలసీ ఇయ్యరు గదా?" అంది. రాయాలి. రాసి, ఆస్పత్రి కాగితాలు జతచేస్తే, అవసరమైతే ఒక పరీక్ష అడుగుతారు, చాలావరకు పాలసీ వస్తుంది. ఆమెకూ వచ్చింది. ఇంకొకామె ఇంట్లో ఎవరికీ చెప్పని గర్భస్రావం సంగతి చెప్పి ఏడ్చింది. నేను పెన్ను పక్కన పెట్టేసి కూర్చున్నాను. ఆ రోజు ఫారం నింపలేదు, తర్వాత వెళ్లి నింపాను.

ఆడవాళ్లు ఈ పనిలోకి ఎందుకు రావాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ వంటింటి సంగతే చెప్తాను. మన రాకతో ఫారంలో నిజం రాయబడుతోంది. అది ఏ మగ ఏజెంటూ, ఎంత మంచివాడైనా, మా పల్లెల్లో చేయలేని పని. నాకు ధైర్యం వచ్చింది కూడా అక్కడే. స్టేజీ మీద మాట్లాడమంటే ఇప్పటికీ నాకు కాళ్లు వణుకుతాయి. కానీ ఫారం చేతిలో ఉంటే ఎవరింటికైనా వెళ్లి కూర్చోగలను, ఎందుకంటే అందులో ప్రతి వరుస ఎందుకుందో నాకు తెలుసు.

ఇంకో విషయం, గృహిణుల పేరు మీద పాలసీ. సొంత ఆదాయం లేని ఆడమనిషికి ఎంత మొత్తానికి బీమా ఇవ్వాలన్నది భర్త పేరిట ఎంత బీమా ఉందో చూసి నిర్ణయిస్తారు. "ఏం పని చేస్తారమ్మా?" అంటే మనవాళ్లు "ఏం చేయను, ఇంట్లనే ఉంట" అంటారు. అలా అన్నామెకు రెండు బర్రెలుంటాయి, డెయిరీకి పాలు పోస్తుంది. లేదంటే బీడీలు చుడుతుంది, కుడుతుంది. పాల డబ్బులు బ్యాంకు ఖాతాలో పడుతూనే ఉంటాయి. ఆమె సంపాదన ఫారంలో సంపాదనగా రాయించడం, పాసుపుస్తకం చూపించడం మన బాధ్యత. "నాకూ ఆదాయమున్నదని రాసినవా?" అని ఒకామె నవ్విన నవ్వు నేను మరిచిపోలేను.

తెలంగాణలో పని మొదలుపెట్టేవాళ్లకు ఒక అనుకూలత ఉంది. 2018 ఆగస్టు 14 నుంచి నడుస్తున్న రైతుబీమా వల్ల ఎల్‌ఐసీ అంటే ఏమిటో, నామినీ అంటే ఎవరో ప్రతి ఊళ్లో తెలుసు. 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు రైతు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షలు, కిస్తీ ప్రభుత్వమే కడుతుంది. ఊరికి ఒకరిద్దరైనా ఆ డబ్బు అందుకున్న ఇల్లాళ్లుంటారు. వాళ్ల ఇంటి దగ్గర మాట మొదలుపెడితే బీమా అంటే ఏమిటని వివరించే పని ఉండదు. కానీ రైతుబీమా పట్టా ఉన్నవాళ్లకే. కౌలు రైతులు, కూలికి పోయేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, మేస్త్రీలు అందులోకి రారు. నేను ముందు వెళ్లేది ఆ ఇళ్లకే.

అక్కడ నేను కమీషన్ రాని పని ఒకటి తప్పకుండా చేస్తాను. బ్యాంకు పాసుపుస్తకం తెమ్మని, మే నెలాఖరులో 436 రూపాయలు, 20 రూపాయలు కట్ అయ్యాయో లేదో చూస్తాను. 436 ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాకు, 20 సురక్షా బీమాకు. మొదటిది ఏ కారణంతో మరణించినా 2 లక్షలు, రెండోది ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు. లేకపోతే బ్యాంకుకు పంపి ముందు అవి చేయిస్తాను. "ఇది నీకు వచ్చే పని కాదు గదా, ఎందుకు చెప్తున్నవ్?" అని అడుగుతారు. ఈ ప్రశ్న అడిగిన ఇంట్లోనే తర్వాత నా పాలసీ నడుస్తుంది.

మా పక్క ఊళ్లో ఒక మేస్త్రీ గుండెపోటుతో పోయాడు. నా కస్టమరు కాదు. ఆయన భార్య మా సంఘంలో సభ్యురాలు. దినాలయ్యాక వెళ్లి పాసుపుస్తకం చూశాను. 436 కట్ అయి ఉంది. ఆ ఇంట్లో ఎవరికీ అదేమిటో తెలియదు, బ్యాంకు చార్జీ అనుకున్నారు. మరణ ధ్రువపత్రం, ఆధార్, నామినీ ఖాతా వివరాలు పట్టుకుని ఆమెను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. క్లెయిమ్ ఫారం ఆమె చేతనే నింపించాను, పక్కన కూర్చుని. 2 లక్షలు ఆమె ఖాతాలో పడ్డాయి. నాకు రూపాయి రాలేదు. కానీ ఆ వాడకట్టులో ఇప్పుడు నన్ను అడగకుండా ఎవరూ ఏ కాగితం మీదా సంతకం పెట్టరు.

చేరిన ప్రతివాళ్లకూ నేను నేర్పే మరో పాఠం 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం. భర్త తన మీద పాలసీ తీసుకునేటప్పుడే, భార్యాపిల్లల కోసమని ఈ చట్టం కింద రాసిస్తే, ఆ డబ్బు మీద అప్పులవాళ్లకు హక్కుండదు. అప్పులవాళ్లను మోసం చేయడానికే తీసుకున్నాడని రుజువైతే తప్ప. తర్వాత ఆయన తనిష్టం వచ్చినట్టు దాన్ని వెనక్కి తీసుకోలేడు కూడా. పత్తికి పెట్టుబడి కోసం, బోరు కోసం ఊరి నిండా అప్పులున్న మా ప్రాంతంలో దీనికన్నా విలువైన సలహా లేదు. మనిషి పోయిన పదకొండో రోజు గుమ్మం ముందు అప్పులవాళ్లు కూర్చోవడం మేం చూస్తూనే ఉన్నాం. కానీ ఇది పాలసీ మొదలుపెట్టేటప్పుడే రాయించాలి, తర్వాత కుదరదు. ఈ సంగతి తెలిసిన ఏజెంట్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ. భర్తల ముందు ఈ మాట ఎత్తడానికి మొదట నాకు జంకుగా ఉండేది, "నా మీద నమ్మకం లేదా" అంటారేమోనని. ఇప్పుడు ఆయనతోనే సూటిగా అంటాను: "అన్నా, అప్పు నీది, నీ పిల్లల అన్నం అప్పులోళ్లది కావద్దు గదా." ఇంతవరకు ఎవరూ కోపం చేసుకోలేదు. ఒకాయన మళ్లీ చెప్పమని అడిగి, తమ్ముణ్ని కూడా పిలిపించుకుని వినిపించాడు.

65 శాతం లెక్క నిలబడాలంటే నా అనుభవంలో అన్నిటికన్నా పనికొచ్చింది కిస్తీ తేదీ. నెలనెలా కట్టే పద్ధతి బ్యాంకు ఖాతా నుంచి కట్ అవుతుంది, జీతగాళ్లకు బాగుంటుంది. వ్యవసాయం చేసే ఇంట్లో ఆగస్టులో ఖాతాలో ఏముంటుంది? అందుకే పల్లెల్లో ఆరు నెలలకోసారి కట్టేలా, గడువు డిసెంబర్, జూన్ నెలల్లో పడేలా పాలసీ మొదలుపెట్టిస్తాను. డిసెంబరుకు పత్తి డబ్బులు చేతిలో ఉంటాయి, జూన్‌కు యాసంగి వడ్ల డబ్బులు వచ్చి ఉంటాయి. గడువు దాటినా 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. నెలవారీ పాలసీకైతే అది 15 రోజులే. ఆగిపోయిన పాలసీని ఐదేళ్ల లోపు మళ్లీ నడిపించుకోవచ్చు, వడ్డీ కట్టి. ఇవన్నీ కస్టమరుకు ముందే చెప్పాలి. బాండు అందిన 30 రోజుల్లో నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చని కూడా చెప్పాలి. "అట్ల చెప్తే ఇచ్చేస్తరు గదా" అని నాతో చేరిన చెల్లెలు ఒకరు భయపడ్డారు. చెప్తేనే ఉంచుకుంటారు.

ఇక లోటుపాట్లు. నాకు ముందుగా కనిపించేది, 25 గంటల శిక్షణ సరిపోదు. అది దేశమంతా ఏజెంట్లకు ఉన్న కనీస నియమం, కానీ ఇల్లు దాటి మొదటిసారి డబ్బు వ్యవహారం చేయబోతున్న ఆడవాళ్లకు అది సగం కూడా కాదు. క్లెయిమ్ ఎలా చేయించాలన్నది శిక్షణలో సగం ఉండాలి. అమ్మకం ఎవరైనా నేర్పుతారు. రెండోది, ప్రయాణ ఖర్చు. పల్లెల్లో తిరగాలంటే స్కూటీ ఉండాలి, లేదంటే ఆటోలకే పోతుంది. పెట్రోలు, ఫోను, జిరాక్సులు, ఫొటోలు అన్నీ మనవే. నా మొదటి ఏడాది స్టైపెండ్‌లో పెద్ద భాగం వీటికే పోయింది. స్టైపెండ్‌ను ఇంటి ఖర్చులో కలిపేసుకుంటే మూడేళ్ల తర్వాత చేతిలో ఏమీ మిగలదు. దాన్ని వ్యాపారం మీదే పెట్టాలి. మూడోది, ఏటా తగ్గుతూ పోయే స్టైపెండ్. తగ్గిన 1,000 రూపాయలను పాత పాలసీల మీద వచ్చే కమీషన్ నింపాలనేది ఆలోచన. పెద్ద పాలసీలు చేసినవాళ్లకు నింపుతుంది. చిన్న పాలసీలతో పేదిళ్లలో పనిచేసేవాళ్లకు నింపదు. అసలు సేవ అవసరమైంది అక్కడే కాబట్టి ఈ లెక్క మార్చితే బాగుంటుందని గట్టిగా కోరుతున్నాను.

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా కిస్తీల మీద జీఎస్టీ ఎత్తేశారు. అంతకుముందు టర్మ్ పాలసీ (గడువు లోపల మరణిస్తేనే డబ్బు వచ్చే బీమా) మీద 18 శాతం, మామూలు పొదుపు పాలసీ మీద మొదటి ఏడాది 4.5 శాతం ఉండేది. ఏడాదికి 20,000 కిస్తీ కట్టే ఇంటికి మొదటి ఏడాదిలోనే 900 మిగులుతుంది. పల్లెలో ఆ 900తో పిల్లల నోటు పుస్తకాలొస్తాయి. టర్మ్ పాలసీ గురించి మాట్లాడటం ఇప్పుడు చాలా తేలికైంది.

ఇంతకుముందు నేను ఒక ప్రైవేటు బీమా సంస్థలో కొన్నాళ్లు ప్రయత్నించాను. పేరు అనవసరం. అక్కడ మొదటి రోజే వందమంది చుట్టాల, స్నేహితుల పేర్లు రాయించుకున్నారు. ఆ జాబితా అయిపోయాక నన్ను పలకరించినవాళ్లు లేరు. అది చూసినదాన్ని కాబట్టే పాలసీ నడుస్తూ ఉంటేనే స్టైపెండ్ అనే షరతును నేను ఇంత మెచ్చుకుంటున్నాను.

ఎదుగుదల గురించి అడిగేవాళ్లకు. ఏజెంటుగా ఎదిగే దారి ఒకటుంది. ఎక్కువ వ్యాపారం చేసినవాళ్లకు ఎల్‌ఐసీ ఇచ్చే గుర్తింపులు, బ్రాంచి మేనేజర్ క్లబ్, డివిజనల్, జోనల్, చైర్మన్ క్లబ్‌ల లాంటివి. ఆపైన చాలామంది ఏజెంట్లు కలలుగనే ఎండీఆర్‌టీ (మిలియన్ డాలర్ రౌండ్ టేబుల్) ఉంది, బాగా వ్యాపారం చేసే బీమా ఏజెంట్ల కోసం 1927లో అమెరికాలో మొదలైన సంఘం. రెండో దారి, డిగ్రీ ఉన్న బీమా సఖులను డెవలప్‌మెంట్ ఆఫీసర్ (ఏజెంట్లను చేర్చుకుని నడిపించే ఎల్‌ఐసీ అధికారి) పోస్టులకు పరిగణించే అవకాశం ఉందని పథకం ప్రారంభించినప్పుడే ప్రకటించారు. నాకు ఇంటరే ఉంది. అందుకే అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో బీఏకు చేరాను, వయసు చూడొద్దని నా బిడ్డే పట్టుబట్టి ఫారం నింపించింది. డిగ్రీ లేనివాళ్లు మూడేళ్ల స్టైపెండ్ కాలాన్ని డిగ్రీకి కూడా వాడుకోండి. మూడేళ్లు సరిగ్గా సరిపోతాయి.

పై మెట్ల మీద ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. 1956లో 245 కంపెనీలను కలిపి పుట్టిన ఎల్‌ఐసీకి మొదటి మహిళా మేనేజింగ్ డైరెక్టర్ 2013లో వచ్చారు, ఉషా సంగ్వాన్. 2021లో మేనేజింగ్ డైరెక్టర్ అయిన మినీ ఐప్ విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనే ఎంకాం చదివారు, 1986లో ఆఫీసరుగా చేరారు. వాళ్లు ఎక్కింది ఆఫీసర్ల మెట్లు, మాది ఏజెంట్ల మెట్లు. రెంటికీ మధ్య తలుపు ఇంతకాలం దాదాపు మూసే ఉంది. బీమా సఖి ఆ తలుపును కొంచెం తెరిచింది. ఎంతమందిని లోపలికి రానిస్తారన్నది వచ్చే రెండు మూడేళ్లలో చూడాలి. దాన్ని బట్టే నేను ఈ పథకానికి పూర్తి మార్కులు వేస్తాను. ఇప్పటికైతే 5కి 4.

ఎవరు చేరాలి? సంఘంలో లెక్కలు రాసినవాళ్లు, ఆశా కార్యకర్తలతో, అంగన్‌వాడీ టీచర్లతో తిరిగి ఊళ్లో ప్రతి గుమ్మం తెలిసినవాళ్లు, కుట్టుపని చేస్తూ నలుగురు ఆడవాళ్లు వచ్చి కూర్చునే ఇల్లున్నవాళ్లు. వెంటనే నెల జీతం కావాల్సినవాళ్లు, ఇంట్లోంచి సాయంత్రం పూట బయటికి వెళ్లే వీల్లేనివాళ్లు ఇప్పుడే చేరొద్దు. మా దగ్గర పొలం నుంచి, కూలి నుంచి మనుషులు ఇంటికొచ్చేది చీకటి పడ్డాకే. మాటలు నడిచేవి అప్పుడే.

బ్రాంచికి వెళ్లేటప్పుడు పదో తరగతి మెమో, ఆధార్, పుట్టిన తేదీ రుజువు, ఫొటోలు, వాటి జిరాక్సులు పట్టుకెళ్లండి. సంతకం పెట్టే ముందు రెండు ప్రశ్నలు అడగండి: నా స్టైపెండ్ ఏడాది ఏ తేదీ నుంచి లెక్క? 65 శాతం ఏ నెలాఖరుకు చూస్తారు? జవాబు కాగితం మీద రాయించుకోండి. ఎవరినైనా తోడు తీసుకెళ్లాలనిపిస్తే మీ సంఘంలో చేరాలనుకుంటున్న ఇంకో ఆడమనిషిని తీసుకెళ్లండి. ఇద్దరు కలిసి చదివితే ఐసీ-38 పుస్తకం త్వరగా అయిపోతుంది.